తప్పుల్లేని మా తొలి ఆల్బమ్

దిల్‌సుఖ్‌నగర్ చరిత్ర ఎవరైనా రాస్తే అందులో మా డ్యాన్స్ పాటల బృందం గురించి ఒక్క వాక్యం కూడా ఉండదు. ఆ అన్యాయం జరగకముందే నేనే రాసిపెడుతున్నాను.

మేం ముగ్గురం. కీబోర్డు నాది, పాటలు రాసేదీ నేనే. నల్గొండ పల్లె నుంచి సరూర్‌నగర్ చేరిన ఇల్లు మాది కాబట్టి ఇంట్లో వినపడే మాటల్నే వరుసగా పేర్చి పాట అనేవాణ్ని. రిథమ్ ప్యాడ్ వాయించే నా దోస్తు, దిల్‌సుఖ్‌నగర్ బస్టాండ్ దగ్గర ఒక మొబైల్ షాపులో మెమరీ కార్డుల్లోకి పాటలెక్కించే ఉద్యోగం చేసేవాడు. పాడేది నా డిగ్రీ క్లాస్‌మేట్ ఒకమ్మాయి. వాళ్లది గుంటూరు వైపు. ఎల్బీ నగర్‌లో ఇల్లు కట్టుకుని ఇరవై ఏళ్లు దాటినా ఆ ఇంట్లో ‘అదేంటండీ’ చెక్కుచెదరలేదు. వాళ్ల నాన్న కోచింగ్ సెంటర్లో తెలుగు చెప్పే మాస్టారు. ఆయన మేడమీది గదిలో గోడలకు పాత పరుపులు నిలబెట్టి, దాన్ని స్టూడియో అని పిలిచేవాళ్లం.

మా మొదటి పాట ఎంతకీ రాని సిటీ బస్సు మీద. విడుదల అంటే వేదిక, పూలదండలు అనుకునేరు. షాపుకు ఎవరు కార్డు తెచ్చినా నా దోస్తు అడక్కుండానే ఆ పాట ఎక్కించేవాడు. భజనలడిగిన పెద్దాయన ఫోన్లో కూడా మూడు భజనల తర్వాత మా బస్సు పాట మోగేది. నెల తిరిగేసరికి ఆటోల్లో వినిపించింది. ప్రజాదరణ అంటే ఇదే.

రెండోది నీళ్ల ట్యాంకర్ పాట. ‘ఒచ్చిందే ఒచ్చిందే ట్యాంకరు, వదినా నీ బిందేడ పెట్టినవే’ అని మొదలవుతుంది. అది నిజంగానే హిట్టయింది. పెళ్లి బరాత్‌లలో, గణపతి మండపాల్లో, జిమ్ముల్లో అదే. మా కాలనీల్లో మంచినీళ్ల కన్నా ముందు ఆ పాటే ఇంటింటికీ చేరింది.

దాని ఘనత అంతా ఆ అమ్మాయిదే. వాళ్లింటికి కూరగాయలు తెచ్చే ఆమె మాట విని విని మా యాస పట్టేసింది. మా అమ్మ పాట విని, “ఈ పిల్ల మన దిక్కుదే గదరా?” అని సంబరపడింది. అవి తెలంగాణ ఉద్యమం వీధుల్లో ఉన్న రోజులు. పాడిందెవరో చెప్పొద్దని మేమెప్పుడూ అనుకోలేదు. చెప్పకుండా ఉండటం మాత్రం ముగ్గురం చాలా శ్రద్ధగా పాటించాం.

ఒక రోజు పొద్దున ప్రాక్టీసులో ఉండగా ఎల్బీ నగర్ చౌరస్తా వైపు నుంచి ఊరేగింపు మాస్టారి వీధిలోకి తిరిగింది. ముందు స్పీకర్లు కట్టిన వ్యాను. ఆంధ్రోళ్లు వెళ్లిపోవాలని ఒక నినాదం, ఊపిరి తీసుకునే సందులో ఆ అమ్మాయి గొంతుతో ట్యాంకర్ పాట, దానికి చిందులు, మళ్లీ నినాదం. అంత పొదుపైన ఏర్పాటు నేనింకెక్కడా చూడలేదు. ముగ్గురం మేడమీది నుంచి తొంగి చూశాం. మాస్టారు గేటు దగ్గర నిలబడి ఉన్నారు.

మెడలో కండువా వేసుకున్న నాయకుడు ఆయన దగ్గరికొచ్చాడు.

“సార్, జర మంచినీళ్లుంటే ఇప్పియ్యుండ్రి. మావోళ్లు ఎగిరెగిరి అలిసిండ్రు.”

మాస్టారు బిందె బయటికి తెచ్చి గ్లాసులతో అందరికీ పోశారు. నాయకుడు రెండు గ్లాసులు తాగి మూతి తుడుచుకున్నాడు.

“పాట ఎట్లుంది సార్? మా మట్టిల పుట్టిన పాట!”

“బాగుందండి. పాడింది మా అమ్మాయే.”

నాయకుడు కడుపు పట్టుకుని నవ్వాడు. “ఏం మజాక్ చేస్తున్నవ్ సార్! గామె సూర్యాపేట దిక్కుది. మా బామ్మర్దికి మంచిగ ఎర్కైనామె.”

“కాదండీ, నిజంగానే...” అని మాస్టారు అంటుండగానే వ్యాను కదిలింది.

మేడ మీద ఆ అమ్మాయి మొదట నవ్వింది. తర్వాత లోపలికెళ్లి పరుపుకు ఆనుకుని కూర్చుంది. నేను కిందికి దిగి, “ఈమెనే పాడింది, రాసింది నేను” అని చెప్పాల్సింది. సూర్యాపేట దారిలోనే మా ఊరు. నా మాట నమ్మేవాళ్లు. నేను మాత్రం ఎంతో బాధ్యతగా కీబోర్డు వైర్లు చుట్టాను.

సాయంత్రం మాస్టారు పైకొచ్చారు. “ఆల్బమ్ వేద్దాం బాబూ. అట్టమీద దీని ఫొటో ఉండాలి. కింద మా ఊరి పేరు కూడా.”

“ఊరెందుకు సార్ ఊకెనే?” అన్నాడు నా దోస్తు.

“దాని ఊరు కాబట్టి.”

“నేను పుట్టింది సరూర్‌నగర్ దవాఖానలో నాన్నా,” అంది ఆ అమ్మాయి. ‘దవాఖాన’ అన్న మాటకి ఆయన నొచ్చుకున్నారు గానీ, చివరికి అట్టమీద ‘ఎల్బీ నగర్’ అని వేయించడానికి ఒప్పుకున్నారు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆల్బమ్‌కి రాసిన ఎనిమిది పాటల కాగితాలూ పట్టుకెళ్లి ఎర్ర పెన్నుతో దిద్దుకొచ్చారు. కూతురి ఫొటో కింద తప్పుల తెలుగు ఉండకూడదట. ట్యాంకర్ పాట, ‘వచ్చినది వచ్చినది ట్యాంకరు, వదినా, నీ బిందె ఎక్కడ పెట్టితివి’ అని తిరిగొచ్చింది. నా దోస్తు ప్యాడ్ మీద రెండు దెబ్బలు వేసి ఆగిపోయాడు.

“గిది ఎగిరే పాటనా, పరీక్ష పేపరా?”

ఆయన గదిలో కూర్చుని ఆయన్ని కాదనే ధైర్యం మాకెవరికీ లేదు. అలాగే రికార్డు చేశాం. ఆ ఆల్బమ్‌లో ఒక్క తప్పు లేదు. కాలు కదిలించే ఒక్క చోటూ లేదు.

విడుదలకు మన్సూరాబాద్‌లో చిన్న ఫంక్షన్ హాలు మాట్లాడాం. ఆ రోజే బంద్ ప్రకటించారు. వండిన పులావు వాయిదా వేయలేం కదా, కానిచ్చేద్దామన్నారు మాస్టారు. మా కుటుంబాలూ, నడిచి రాగలిగిన చుట్టుపక్కలవాళ్లూ కలిపి మొదటి రెండు వరుసలు నిండాయి. రెండో పాట మధ్యలో హాలు మూయించడానికి నలుగురు వచ్చారు. ముందు నడుస్తున్నది నీళ్లు తాగి వెళ్లిన నాయకుడే.

“బంద్‌నాడు ఫంక్షనేందివయా? ఆపుండ్రి!”

నేను కీబోర్డు మీంచి చేతులు తీసేశాను. ఆ అమ్మాయి మైకు వదల్లేదు. నాయకుడి వైపే చూస్తూ ట్యాంకర్ పాట ఎత్తుకుంది. నాన్నగారి దిద్దుబాటు కాదు, పాతదే. నా దోస్తు ఒక్క క్షణం ఆలోచించకుండా ప్యాడ్ మీద పడ్డాడు. నేనూ అందుకున్నాను. వచ్చిన నలుగురిలో ఇద్దరి భుజాలు వాళ్లకు తెలియకుండానే కదలడం మొదలుపెట్టాయి.

పాట అయ్యాక నాయకుడు మాస్టారి దగ్గరికొచ్చాడు. “గప్పుడు నిజమే చెప్పినవా సార్?”

“చెప్పాను. మీ బావమరిది గారికి బాగా తెలిసినామె అన్నారుగా.”

“వాడు గట్లనే అంటడు సార్,” అని నాయకుడు తల గోక్కున్నాడు. ఆ అమ్మాయి వైపు తిరిగి, “బిడ్డా, నువ్వు ఈడిదానివే,” అన్నాడు.

“తెలుసండీ,” అంది ఆమె. ఆయన నుంచి ఆ ధ్రువీకరణ పత్రం కోసమే ఇరవై ఏళ్లుగా ఎదురు చూస్తున్నట్టు చేతులు జోడించి మరీ చెప్పింది.

నాయకుడు బయటి షటర్ సగం దించి కార్యక్రమం కానిమ్మన్నాడు. నలుగురూ పులావు తిన్నారు. ఆల్బమ్ తలా ఒకటి పట్టుకెళ్లారు. మేం అనుకోని ఆదరణ అంటే అదొక్కటే. షాపుల్లో మాత్రం దాన్ని ఎవరూ ముట్టుకోలేదు. నా దోస్తు పాత పద్ధతిలో అడక్కుండా ఎక్కించి చూస్తే, జనం వెనక్కొచ్చి తీసేయించుకున్నారు.

తర్వాత రాష్ట్రం వచ్చింది. ఇల్లు అమ్మేసి వెళ్లిపొమ్మని మాస్టారికి సలహా ఇచ్చిన చుట్టాలే అదే వీధిలో ప్లాట్లు కొన్నారు. ఆ అమ్మాయి బ్యాంకు ఉద్యోగంలో చేరింది. నా దోస్తు సొంతంగా డీజే సామాను పెట్టుకున్నాడు. నేను ప్రైవేటు స్కూల్లో పిల్లలకు సంగీతం నేర్పుతున్నాను, వాళ్లు భరిస్తున్నారు. మేం ముగ్గురం మళ్లీ కలిసి పాట చేయలేదు. పేరున్న బృందాలు గొడవపడి, పేపర్లకెక్కి విడిపోతాయి. మాకు ఆ గౌరవం కూడా దక్కలేదు. ఒక ఆదివారం ఆమెకు బ్యాంకు పరీక్ష ఉంది, తర్వాతి ఆదివారం వాడికి బరాత్ ఉంది, ఆ పై ఆదివారం ఎవరం ఎవరికీ ఫోన్ చేయలేదు.