మోరి మీది రేకులు

దయాకర్‌ను మున్సిపాల్టి నౌకరి గురించి కదిలిచ్చినోనిదే తప్పు. రిటైరై ఏడాదైంది, అయినా ఆ మాటెత్తితే ఒంటికాలి మీద లేస్తడు. "ఏం మున్సిపాల్టి? పంచాయతీ బోర్డు పీకి గీ బోర్డు వెట్టిండ్రు. కుర్చీలు గవే, గుమాస్తాను నేనే. మోర్లు సుత గవే!" అంటడు.

జనగామ దిక్కు ఓ చిన్న ఊరది. బజారు ఒక్కటే. దేవరుప్పుల దిక్కున్న పల్లెలోళ్లు, తండాలోళ్లు అందరు సామాన్లకు ఆడికే వస్తరు. ఆ బజారు పొంటి మురికినీళ్లు పొయ్యే మోరి ఉన్నది గని కండ్లవడదు. ప్రతి దుకాణపాయన మోరి మీద బండలు పరిచి, పైన రేకులేసి, ఆడ బస్తాలు పేర్చిండు. వాన వడ్డదంటే మురికినీళ్లన్ని బజార్లనే. చెప్పులు చేతవట్టుకొని ఆ నీళ్లల్ల నడిచొచ్చినోళ్లు తిట్టేది ఎవర్ని? కమిషనర్ మీటింగుల ఉంటడు, చైర్మన్ హైదరాబాదుల ఉంటడు. దొరికేది దయాకరే.

"రేకులు తీయుండ్రి, మోరి సాఫ్ చేయిస్త" అని దుకాణం దుకాణం తిరిగితే అందరిదీ ఒకటే మాట: "ముందుగాల మీ అన్నను తియ్యమను."

అదీ పరేషాని. బజారుల మొదటి దుకాణం అన్న విశ్వనాథానిదే, కిరాణం హోల్‌సేల్. నాయిన పోయిన్నాడు దయాకర్ ఇంకా బడిపోరడు. చదువు మానేస్తనంటే చెంప మీద ఒక్కటి పీకి, తన కాలేజీ మానుకొని దుకాణంల కూసున్నోడు అన్న. గసొంటి మనిషిని రేకులు తియ్యమని ఏ నోటితోని అడగాలె? "అన్న నాతోని మాటలు బంద్ జేస్తే నేను తట్టుకోలేను వదినా" అని రమాదేవితోని ఎన్నోసార్లు అన్నడు.

దయాకర్ నౌకరి ఇగ అయిపోవస్తున్నదనంగ కొత్త కమిషనర్ వచ్చిండు. మీసాలు సరిగ రాలే గని మాట మాత్రం గట్టిది. "రేపు జేసీబీ. అందరియి తీసుడే" అన్నడు.

దయాకర్ ఉరుక్కుంట అన్న కాడికి పోయిండు. "అన్నా, మనది ముందుగాల తీస్తే ఇగ ఎవని నోరు లేవది."

విశ్వనాథం కాంట మీది బస్తా దించి పక్కకు వెట్టిండు. "అరే దయా, అందరియి తీస్తరా?"

"అందరియి తీస్తరన్నా. నాది పూచి."

"ఐతే తియ్యి."

తెల్లారి జేసీబీ వచ్చింది, ఎనుక జీపుల కమిషనర్ వచ్చిండు. "ఏడికెల్లి మొదలువెట్టాలె సార్?" అని డ్రైవర్ లింగ్యా అడిగిండు. "ఈడనే, మా అన్న దుకాణం" అన్నడు దయాకర్. రేకులు ఊడినయ్. బండలు లేచినయ్, మోరి బయటవడ్డది. లింగ్యా బండిని పక్కకు, రాజమల్లు స్టీలు సామాన్ల దుకాణం దిక్కు తిప్పిండు. గప్పుడే కమిషనర్ ఫోన్ మోగింది. "సార్... అట్లనే సార్... సరే సార్." ఫోన్ జేబుల వెట్టుకొని, "ఇయ్యాల్టికి బంద్" అని జీపెక్కి పోయిండు. ఆ ఫోన్ ఎవరు జేసిండ్రో దయాకర్‌కు ఇప్పటికీ తెల్వదు. ఇయ్యాల్టికని చెప్పిన బంద్, ఇప్పటిదాంక బందే!

బజారంత రేకులున్నయ్, ఒక్క అన్నయి తప్ప. మిర్చి బస్తాలు ఎండల వడ్డయ్. విశ్వనాథం తిడితే బాగుండు. తిట్టలే. దయాకర్ పోతే పనున్నట్టు లోపలికి లేచిపోతుండె. వదిన చాయ్ గ్లాసు చేతికిచ్చి, "జర ఓపిక వట్టు" అంటుండె. నెలలు పోయినయ్.

అంతటితోని ఊకుంటే గది ఆ ఊరెట్లైతది? వానకాలం వచ్చింది. బండల కింద చెత్త అడ్డంవడి నీళ్లు కదల్లే. ఊరి మురికంత తెరిచున్న జాగల, అన్న దుకాణం ముందటనే ఎగదన్నింది. వారం తిరగకముందే రాజమల్లు ఆఫీసుకొచ్చిండు.

"దయాకరన్నా, మీ అన్న మోరిని బార్లా తెరిచి వెట్టిండు. కంపుకు నాకు గిరాకే లేదు. ఏం మున్సిపాల్టయ్యా మీది?"

దయాకర్‌కు ఒళ్లంత మండింది. "జర సిగ్గుండాలె రాజమల్లూ!" అని బల్ల గుద్దిండు. గుద్దితే ఏమైతది, చెయ్యి నొచ్చింది. కమిషనర్ సాయంత్రానికల్ల విశ్వనాథం పేరు మీద నోటీసు రాయించిండు: దుకాణం ముందరి మోరిని వెంటనే మూసుకోవాలె. పట్టుకపోయి ఇయ్యాల్సింది ఎవరు? గుమాస్తానే.

వద్దంటె నడువది. పోయిండు. విశ్వనాథం ఈసారి లోపలికి లేచిపోలే. నోటీసు అందుకొని, అద్దాలు సదురుకొని, నిమ్మళంగ సదివిండు. ఇప్పుడన్న తిడుతడేమో, తిడితే కాళ్లు వట్టుకుందామని దయాకర్ ఆశగ నిలవడ్డడు.

అన్న తలెత్తి నోరు తెరిచిండు.

"ఏడ సంతకం వెట్టమంటరు సార్?"

అరే దయా అని పిలిచేటోడు, చెంప మీద కొట్టి సదివిచ్చినోడు, సార్ అన్నడు. దయాకర్ కాయితం మీదికి వంగిండు. సంతకం పెట్టే జాగ వేలితోని చూపెట్టిండు.