బజ్జీల బెంచీ మీద రిజిస్టరు

ఒక మనిషి తన అతితెలివితో జీపు నిండా ఉన్న జనాన్ని ప్రమాదానికి ఎంత దగ్గరగా తీసుకెళ్లగలడో తెలుసుకోవాలంటే ఇది చదవండి. ఆ మనిషిని నేనే, సమీర్‌ని. ఇప్పుడు నవ్వొచ్చు. ఆ రోజు మాత్రం నా నోట్లో తడి లేదు.

హన్మకొండ నుంచి ములుగు వెళ్లే రోడ్డు మీద ఒక జీపుల రిపేరు షెడ్డు. హైదరాబాదులో ట్రైనింగ్ కోర్సు చేసి, మెడలో కార్డు వేలాడేసుకుని అందులో సూపర్‌వైజరుగా చేరాను. "పనోళ్లు ఒకల్ని జూసి ఒకలు నేర్సుకునేటట్టు జెయ్యి. ఆర్నెల్లు జూస్త" అన్నాడు సేటు. వాళ్లు అప్పటికే నేర్చుకుంటున్నారన్న సంగతి ఆయనకూ తెలియదు, నాకూ తెలియదు.

అక్కడొక ఆనవాయితీ ఉంది. నాలుగింటికి షెడ్డు ముందు బెంచీ మీద చాయ్ తాగేటప్పుడు, ఆ రోజు తప్పు చేసినవాడు అందరికీ మిరపకాయ బజ్జీలు తెప్పించి, ఆ తప్పు ఎలా జరిగిందో దాచకుండా చెప్పాలి. మిగతావాళ్లు నవ్వుతారు, తిడతారు, ఇంకోసారి ఏం చేయాలో చెబుతారు. హెడ్ మెకానిక్ ఐలయ్య కాకకూ మినహాయింపు లేదు. "ముప్పై ఏండ్ల సంది జేస్తాన. ఇయ్యాల ఆయిలు పొయ్యకుండనే బండి స్టార్ట్ జేసిన. తినుండ్రి, తిట్టుండ్రి" అన్నాడు నా ముందే.

నాకు మాత్రం బజ్జీల నూనె ఒక్కటే కనిపించింది.

"ఇదేం పద్ధతి కాకా? అంతా రాతలో ఉండాలి" అని ఆ బెంచీ మీదే రిజిస్టరు తెరిచాను. పేరు, తప్పు, కారణం, సంతకం. తప్పేమీ లేకపోతే 'తప్పు లేదు' అని రాసి మరీ సంతకం.

"గిది సేటు జూస్తడా సార్?" అన్నాడు సంపత్. ఇద్దరు పిల్లల తండ్రి. చేతిపని బంగారం, నోరు మెత్తన.

"చూస్తారు. మీ మంచికే."

మర్నాటి నుంచి షెడ్డులో తప్పులే లేవు! బజ్జీలూ లేవు, నవ్వులూ లేవు. వారం పాటు అందరూ 'తప్పు లేదు'. నేను ఆ పేజీల ఫొటోలు సేటుకు పంపి, ఉద్యోగం ఖాయమైపోయినట్టే నిద్రపోయాను.

ఎనిమిదో రోజు సంపత్ చాయ్ ముట్టలేదు. గ్లాసు మీద మీగడ కట్టింది.

"ఏమైంది సంపత్?"

"ఏం లేదు సార్. సంతకం పెట్టిన గద."

ఐలయ్య కాక గ్లాసు కింద పెట్టాడు. "సంపతు, నా మొఖం జూసి చెప్పు."

"కాకా... ములుగుకు మందిని ఎక్కిచ్చుకపోయే కొమురయ్య జీపు... ముంగటి చక్రం నట్లు చేతితోటి తిప్పిన. పానా పట్టుకున్ననో లేదో, సార్ సంతకానికి పిలిచిండు. మళ్ల అచ్చేసరికి బండి లేదు."

"ఎంతసేపాయె?"

"అర్ధగంట."

"గప్పుడే ఎందుకు చెప్పలేదురా!"

సంపత్ రిజిస్టరు వైపు చూశాడు.

కొమురయ్యకు ఫోన్ చేశాం. మోగుతోంది, ఎత్తడం లేదు. మళ్లీ చేశాం, అంతే. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నవాళ్లను మన పెద్దలు చూశారు. జీపు పోయాక పానా పట్టుకున్నవాణ్ణి నన్నే చూడాలి. నా బైకు స్టార్ట్ చేశాను. వెనక పానాతో కాక, ఆ వెనక ఇంకో బండి మీద సంపత్. ప్రతి మలుపు దగ్గరా ఏం చూడాల్సి వస్తుందోనని నా కళ్లు వాటంతటవే మూసుకుంటున్నాయి.

"కండ్లు తెరిచి నడుపు బిడ్డా! ముందుగాల మనం బతకాలె గద!" అని కాక వీపు మీద ఒక్కటిచ్చాడు.

ములుగు ఇంకా కొంత దూరం ఉందనగా, రోడ్డు పక్క హోటల్ ముందు జీపు కనిపించింది. ఆగి ఉంది, నిటారుగానే ఉంది! కాక చక్రం దగ్గర కూర్చున్నాడు. ఐదు నట్లలో ఒకటి లేనే లేదు. మిగతా నాలుగూ వేలితో తిప్పితే తిరిగాయి.

"బండి జర ఊగుతాందని ఆపిన ఐలన్నా. పాటలల్ల ఫోను ఇనబడలే. ఏమైంది?" అన్నాడు కొమురయ్య.

కాక నట్లు బిగిస్తూ ఉన్నదున్నట్టు చెప్పాడు. జీపులోని జనం ఒక్కసారిగా లేచారు. "ఎవడాడు, తప్పు జేసినోడు?" అంది ఒక ముసలమ్మ, చెప్పు సవరించుకుంటూ.

సంపత్ తల వంచుకుని ముందుకు కదిలాడు. సిగ్గుతో చచ్చిపోయాను. చెయ్యి అడ్డం పెట్టి, "నేనే అవ్వా. నట్లు బిగించేవాణ్ణి పిలిచి, తప్పు లేదని సంతకం పెట్టించుకున్నాను" అన్నాను.

కాక చివరి నట్టు బిగించి లేచాడు. "గట్లయితే బజ్జీలు తెప్పియ్యి మరి."

జీపు మొత్తానికీ తెప్పించాను. హోటల్లో కాగితాలు అయిపోయాయి. నా సంచిలో రిజిస్టరు ఉంది కదా! 'తప్పు లేదు', 'తప్పు లేదు' అన్న పేజీలన్నీ ఒక్కొక్కటే నూనెలో నానిపోయాయి. ముసలమ్మ ఒక బజ్జీ కొరికి చూసింది.

"నీ తప్పు మంచిగనే ఉన్నది బిడ్డా. ఇంకో రెండు పెట్టు."

రిజిస్టరుకు మిగిలిన ఖాళీ అట్ట మీద చెయ్యి వేసి, రోడ్డూ జీపూ సాక్షిగా ప్రమాణం చేశాను: పానా పట్టినవాణ్ణి సంతకానికి పిలవను, నవ్వుకుంటూ నేర్చుకునే బెంచీ మీద రిజిస్టరు పెట్టను. ఈ రోజుకీ ఆ మాట తప్పలేదు. బజ్జీలు మాత్రం చాలాసార్లు తెప్పించాను, కొత్త తప్పులకు.