మా ఆయన కారుకు ధార

మా ఆయన అదుసేయి దర్జీ. కుమాసీలో, మా బంతామా పేటలో సగంమందికి పెళ్లిబట్టలు, చావుబట్టలు ఆయనే కుట్టాడు. అయితే ఆయన చేతికి వచ్చిన గుడ్డల్లోకెల్లా మెత్తనిది ఏ మనిషి ఒంటికీ చేరలేదు. అది కారుకే.

పాత పెజో అది, లేత అరిటాకు రంగు. శనివారం ఎండ ఎక్కకముందే గోడ నీడలోకి తోసి కడిగేవాడు. ఒక బకెట్లో సబ్బునీళ్లు, ఇంకోదాంట్లో మంచినీళ్లు. పైకప్పు నుంచి కిందికి రావాలి. చక్రాలు తుడిచిన గుడ్డ పొరపాటున కూడా తలుపును తాకకూడదు. హర్మత్తాన్ గాలి దుమ్ము మోసుకొచ్చే నెలల్లో కారు మీద పొడిగుడ్డ వేయనిచ్చేవాడు కాదు. దుమ్మును ముందు నీళ్లతో సాగనంపాలి, లేకపోతే గరుకు కాగితంతో గీకినట్టేననేవాడు. చివర్లో మైనం రుద్ది మెరుగు పెట్టడానికి మా పిల్లల పాత లంగోటీలు. మూడోవాడు నడక నేర్చాక ఒకరోజు ఫుఫు ముద్ద పల్లీ పులుసులో ముంచుతూ, "సేర్వా, లంగోటీలు అరిగిపోతున్నాయి. ఇంకొకర్ని కందామా?" అన్నాడు. నవ్వుతూ అన్నా బాగుండేది.

జంతుప్రదర్శనశాల గబ్బిలాలు మా ఇంటి మీదుగానే ఎగిరేవి. వాటి రెట్ట రంగును తినేస్తుందని, పొద్దు వాలగానే కారుకు దుప్పటి కప్పేవాడు. ఆ దుప్పటి మా పెళ్లికి మా అమ్మ ఇచ్చినది.

మాలో బండి కొత్తగా ఇంటికొస్తే, కుటుంబ పెద్ద పితరులను పిలిచి దాని ముక్కు మీద ష్నాప్స్ అనే సారా ధారపోస్తాడు. మా పెద్ద ఈయన మేనమామ అచాంపాంగ్. సారా పడితే మైనం కరిగి మచ్చలు తేలతాయని ఈయన భయం. ఒకసారి జ్వరమని, ఒకసారి కారు మరమ్మతులో ఉందని దాటవేస్తూ వచ్చాడు. చివరికి మామ దగ్గర్నుంచి కబురొచ్చింది. ధార పడని బండిలో మనవాళ్లెవరూ కాలు పెట్టరట.

మా అత్తగారి ఏడాది కర్మ దగ్గరపడుతోంది. మామను ముందు సీట్లో కూర్చోబెట్టుకుని, చుట్టాలంతా చూస్తుండగా ఊళ్లోకి వెళ్లాలని ఈయన కోరిక. కారు కొన్నదే అందుకు. ఆ రోజు ఖాళీ బండి తోలుకెళ్తే కుటుంబం వెలివేసినవాడికిందే లెక్క.

వెళ్లి బతిమాలాడు. బానెట్ మీద వద్దు, చక్రం పక్కన నేల మీద పోయమన్నాడు. "దాహమేసినవాడి కాళ్ల మీద నీళ్లు పోస్తావట్రా?" అన్నాడు మామ. ఈయన సరేనని లేచి వచ్చేశాడు. అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడో నాకు అప్పుడే అర్థం కావలసింది.

సీసా కొనడం బండిగలవాడి వంతు. ఈయన కొత్త సీసాలోని సారా గిన్నెలోకి వంపేసి, మంచినీళ్లు నింపాడు. మామకు వైద్యుడు మందు మాన్పించాడు కాబట్టి రుచి చూడడని ధీమా. అంతవరకూ బాగానే ఉంది. కానీ కారు సబ్బునీళ్లు కలిపి పెట్టుకునేదీ అలాంటి ఆకుపచ్చ సీసాల్లోనే. అన్నీ ఒకే అరలో ఉండేవి.

కర్మ రోజు పొద్దున చుట్టాలు కారు చుట్టూ చేరారు. మామ భుజం మీది బట్ట దించి సీసా అందుకున్నాడు. "వైద్యుడు మానమన్నది నా మందు. ఇది పితరులది" అంటూ ఒక గుక్క తాగాడు.

ఆగిపోయాడు. మీసం చివర చిన్న బుడగ ఒకటి పుట్టి, మెరిసి, పగిలింది. మా ఆయన మొహం హర్మత్తాన్‌లో వదిలేసిన కారులా అయింది. మామ గుక్క మింగాడు. అద్దంలా ఉన్న బానెట్‌లో తన మొహం చూసుకున్నాడు. చాలాసేపే చూసుకున్నాడు. తర్వాత సీసా పైకెత్తాడు.

"పెద్దలారా, రండి. మీ పిల్లాడు ఈసారి మిమ్మల్ని తాగడానికి పిలవలేదు, స్నానానికి పిలిచాడు. కోపగించుకోకండి. చెల్లీ, నువ్వూ రా. ఇది నీ కొడుకు నిర్వాకమే, చూసుకో."

సీసా మొత్తం వంపేశాడు. నురగ దీపాల మీదుగా జారింది. ఎవరూ నవ్వే ధైర్యం చేయలేదు. మామ మా ఆయన వైపు తిరిగాడు.

"నిలబడ్డావేం అల్లుడూ? సబ్బు ఆరితే మరక పడదూ?"

ఈయన బకెట్ కోసం పరుగెత్తాడు. పైనుంచి కిందికి కడిగి తుడిచేదాకా అందరూ ఎండలో నిలబడ్డారు. అప్పుడు మామ తనే తలుపు తీసుకుని ముందు సీట్లో కూర్చుని, అసలు సరుకు ఎందులో పోసి దాచావని అడిగాడు. కర్మకు అలాగే వెళ్లారు, కారులో చోటు కోసం వెనక పిన్నమ్మలు కొట్లాడుకున్నారు.

మొన్నటి హర్మత్తాన్‌లో మా ఆయన పోయాడు. శవాన్ని సాగనంపేముందు మామ కర్ర ఊతంగా కారు దగ్గరికి వచ్చాడు, చంకలో సీసాతో. మూత తీసి ముందు వాసన చూశాడు, తర్వాత గుక్క తాగి చూశాడు. అసలుదే.

బానెట్ మీద వంపబోయి ఆగి, నా వైపు తిరిగాడు.

"నీళ్లు సిద్ధంగా ఉన్నాయా అమ్మాయ్?"

రెండు బకెట్లూ ఉన్నాయన్నాను. అప్పుడు పోశాడు.