ముందు చేసినోడిదే తప్పు

హన్మాండ్లు చేతులు సోఫా కాలును లేత్‌కు బిగిస్తున్నాయి. నోరు మాత్రం అప్పటికే ఆ సోఫా చేసినవాణ్ణి తిడుతోంది. ఏ వస్తువైనా సరే, అంతకుముందు దాన్ని చేసినవాణ్ణి కడిగిపారేయకపోతే ఆయన ఉలి తెగదు.

"ఎవడు చేసిండ్రా ఇది? కట్టె పనా, కందగడ్డ చెక్కుడా?"

షార్జాలోని ఆ వడ్రంగి షాపులో పక్క బల్ల మీద పనిచేసే దయాకర్‌కు ఇది రోజూ ఉండే సంగీతమే. సెలూన్‌కు వెళ్లినా "పోయినసారి ఎవడు గొరిగిండు?" అని మంగలి అడగకముందే హన్మాండ్లే అడుగుతాడు. ఒకసారి మరమ్మతుకొచ్చిన కుర్చీని పట్టుకుని పూటంతా తిట్టాడు. దయాకర్ దాన్ని బోర్లించి అడుగున ఉన్న గుర్తు చూపించాడు.

"గిది నీ పనేనే అన్నా."

"అప్పటి హన్మాండ్లు వేరు తమ్మీ. వానికి పని రాకుండె," అని మళ్లీ అందుకున్నాడు.

ఆ మధ్యాహ్నం పాత వస్తువులు సేకరించే వేణుగోపాలరావు దుబాయ్ నుంచి కారులో వచ్చి దిగారు. చేతిలో మఖ్మల్ పెట్టె, వెనక ఆయన ఇంట్లో పనిచేసే మున్నీబీ. పెట్టెలో ఏనుగు దంతపు మూతగిన్నె ఉంది. దాని సన్నటి కాడ మర బిగించే చోట తెగి రెండయింది.

"పంతొమ్మిదో శతాబ్దపు పనితనమయ్యా. ఇంగ్లండులో దొరలు సరదాకి లేత్ ముందు కూర్చుని దంతాన్ని ఇలా తిప్పి చెక్కేవారు. వారసత్వ సంపద," అంటూ ఆయన కాసేపు ఉపన్యాసం ఇచ్చారు. "తుడుస్తుంటే దానంతటదే ఊడిందంటోంది ఈవిడ. పడేసిందని నా అనుమానం. నువ్వు చూసి చెప్పు. పడేసిందే అయితే రేపే కడపకి టికెట్ తీసేస్తాను."

"ఊడొచ్చింది సార్," అంది మున్నీబీ, నేలకేసి చూస్తూ.

తిట్ల కోసం దయాకర్ చెవులు రిక్కించాడు. ఒక్కటీ రాలేదు. హన్మాండ్లు గిన్నెను వెలుతురుకు పట్టాడు. అవతలున్న వేళ్ల నీడ కనిపించేంత పల్చటి అంచు, మూత మీద ఈగ రెక్కల్లాంటి జల్లెడ నగిషీ. అడుగున మాత్రం కొత్తగా పెచ్చు లేచిన గుర్తు, నేలకు కొట్టుకుంటేనే పడేలాంటిది. దయాకర్ కూడా చూశాడు. మున్నీబీ చున్నీ కొస నలుపుతోంది.

హన్మాండ్లు ఆ గుర్తును బొటనవేలితో మూశాడు.

"ఎవడు చేసిండు సార్ ఇది?"

"చెప్పాను కదయ్యా, దొరలు."

"గందుకే. సరదాకు చేస్తే గిట్లనే ఉంటది. లోపట మర చుట్లు పొట్టిగ కోసిండు. దిల్ పని మీద లేదు, చాయ్ మీద ఉంది. ఇన్నేండ్లు నిలబడుడే ఎక్కువ. ఇయ్యాల ఈమె చేతిల ఊడింది, రేపైతే మీ చేతిల్నే ఊడుతుండె."

రావుగారి మొహం వెలిగింది. "దొర చేసిన పొరపాటన్నమాట. అయితే ఇది ఇంకా అరుదైన వస్తువే. వచ్చినవాళ్లందరికీ చెప్పాలి."

సాయంత్రం రమ్మని వాళ్లను పంపించాక దయాకర్ దగ్గరికి జరిగాడు.

"నిజంగ మర పొట్టిగుందా అన్నా?"

"ఏం పొట్టి? అసుమంటి చెయ్యి నా జన్మల చూడలే. కండ్లకద్దుకోవాలె."

"మరి గన్ని తిట్లెందుకు?"

"ఆ దొరకు వీసా క్యాన్సిల్ అయ్యే భయం లేదు గదా."

దయాకర్‌కు ఓ సంగతి గుర్తొచ్చింది. తాను టేకు పలక చీల్చేసిన రోజు కూడా హన్మాండ్లు తిట్లన్నీ బర్మాలో ఆ చెట్టు కొట్టినవాడికే పోయాయి. ఎదురుగా నిలబడ్డవాణ్ణి ఆయన తిట్టగా తాను ఇంతవరకు వినలేదు.

ఒంటె ఎముకను లేత్ మీద తిప్పి కొత్త మర చేసి, పెచ్చు లేచిన చోటు నునుపు చేసేసరికి పొద్దు వాలింది. రావుగారు రెండు చేతులూ చాచారు. హన్మాండ్లు ఆయన్ను దాటుకుని వెళ్లి గిన్నెను మున్నీబీ అరచేతుల్లో పెట్టాడు.

"పాత సామాను సార్. దీని తీరు ఈమె చేతికే ఎరుక. చెల్లే, కాడ పట్టకు, అడుగు పట్టు."

మున్నీబీ గిన్నెతో మెల్లగా కారు దాకా నడిచింది. రావుగారు ముందే పరుగున వెళ్లి ఆమె కోసం తలుపు తీసి పట్టుకున్నారు.