గొంతు లాగేసే పెట్టె

బాగుచేసే దుకాణంలో వేడెక్కిన టేపురికార్డరు వాసన తగలగానే హిందీ మాట్లాడే ఊళ్లో, భాలుబాసా పేటలోని మా తెలుగు బడి గుర్తొచ్చింది.

నాకప్పుడు ఏడేళ్లు. కొత్త మాస్టారు బల్లమీద టేపురికార్డరు పెట్టి, "రెండో ఎక్కం ఎవరు చెప్తారు?" అన్నారు.

పక్కనున్న సరోజిని నా చెయ్యి పట్టుకుంది. "ఎల్లకే! అది గొంతు లాగేత్తాది. మరింక మాట రాదు."

అందరం నమ్మాం. ఎవరూ కదల్లేదు. మాస్టారి మొహం చిన్నబోవడం చూడలేక నేనే లేచి ఎక్కం చెప్పాను. ఆయన మీట నొక్కారు. పెట్టెలోంచి నా గొంతు వినిపించింది! గాభరాగా "అమ్మా!" అని అరిచి చూశాను.

"ఒలే, నా గొంతు నాకాడే ఉంది!"

"సర్, హమ్ భీ! మేమూ చెప్తాం!" అంటూ తరగతంతా బల్లమీదికి ఎగబడింది.

నేను టీచరునై మొదటిసారి పిల్లల ముందు నిలబడ్డాకే తెలిసింది, ఆ రోజు నాతోపాటు మాస్టారూ తన భయాన్ని గెలిచారని.