కమ్లీ ఏడుపు పాట

ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. కురవి పక్క తండాలో పుట్టిన రేణుక ముందు రచ్చకే పోయింది. పాపం, మంచికే పోయింది. డిగ్రీ కాగానే ఒక సేవాసంస్థ వాళ్లు రమ్మంటే ఫిలిప్పీన్స్ కొండల్లోని గిరిజన పల్లెకు వలంటీరుగా వెళ్లింది. పొద్దున పిల్లలకు చదువు, సాయంత్రం ముసలమ్మల పక్కన కూచుని వాళ్ల పాటలు నేర్చుకోవడం. అక్కడ వరి కోతకో పాట, శవం పక్కన పాడేందుకో పాట. వినీ వినీ ఆ చావుపాట ఆమెకు కంఠతా వచ్చేసింది.

ఒకరోజు పళ్లూడిన ముసలామె ఒకతె దుబాసీ చేత అడిగించింది, "మీలో ఎవరైనా పోతే ఏం పాడతారు బిడ్డా?" అని.

రేణుక నోరు తెరిచింది. ఏమీ రాలేదు. సిగ్గుతో చచ్చిపోయింది.

పాట లేక కాదు. లంబాడా ఆడవాళ్లకు ఏడుపు కూడా పాటే. పెళ్లికూతురు అత్తారింటికి పోయేటప్పుడు, చాన్నాళ్లకు ఇద్దరు కలిసినప్పుడు, మనిషి పోయినప్పుడు, మెడ చుట్టూ చేతులేసి రాగం తీసి ఏడుస్తారు. దాన్ని ఢావ్లో అంటారు. తండాలో అది ఇంకా వచ్చిన ఒకే ఒక్క మనిషి రేణుక నాయనమ్మ కమ్లీ. ఆమె ఢావ్లో ఎత్తుకుంటే పక్క తండాల వాళ్లు కూడా కళ్లొత్తుకునేవారు. కమ్లీ రాకపోతే పీనుగు లేవదని వేళాకోళం కూడా చేసేవారు. ఆ కమ్లీ ఒకసారి మహబూబాబాద్ హాస్టలుకు మనవరాలిని చూడబోయి, గేటు దగ్గరే కావలించుకుని రాగం తీసింది. తోటి పిల్లలు కిసుక్కున నవ్వారు.

"ఊకో దాదీ! ఇజ్జత్ పోతాంది!" అని రేణుక ఆమె నోరు మూసింది. ఆ తర్వాత కమ్లీ మనవరాలి ముందు పాడితే ఒట్టు.

ఇప్పుడు ఆ పాటే కావాలి. తండ్రి ధర్మాకు ఫోన్ చేసింది.

"బాపూ, దాదీతోని ఢావ్లో పాడించి జర రికార్డు చెయ్యి."

"ఏం పాడిస్తనే బిడ్డా? పక్షవాతమొచ్చి మాట పడిపోయింది. దవాఖానల ఉన్నం. పరేషాన్ అయితవని నీకు చెప్పలే."

రేణుక ఉన్నపళంగా బయల్దేరింది. దారిపొడుగునా మొక్కని దేవుడు లేడు. మాటొస్తే కురవి వీరభద్రుడికి వెండి కోరమీసాలు చేయిస్తానంది.

దవాఖాన మంచం మీద కమ్లీ మూతి ఒక పక్కకు వంగిపోయి ఉంది. మనవరాలిని చూడగానే బాగున్న చేయి చాచింది. చాన్నాళ్లకు కలిశారు కదా, ఏడవాలి కదా! రేణుక ఆమె మెడ చుట్టేసింది.

"పాడవే దాదీ! నీ కాల్మొక్త, ఒక్కసారి! గిప్పుడు ఎవరు నవ్వినా నాకు ఫికర్ లేదు!"

పాడాలని ఎంత గింజుకుందో ఆ ముసలి ప్రాణం! గురగుర తప్ప ఏమీ రాలేదు. చివరికి తన నోటికి తానే చేయి అడ్డం పెట్టుకుంది.

మర్నాడు పోయింది.

తండాకు తెచ్చి వాకిట్లో పడుకోబెట్టారు. ఆడవాళ్లు బావురుమన్నారు గానీ రాగం ఒక్కరికీ రాదు. పాడాల్సిన మనిషే పీనుగై పడుకుంది.

"అందరి సావుకు ఏడ్సినవ్ గదనే యాడీ! నీకెవరు ఏడుస్తరే?" అని ధర్మా తల్లి కాళ్ల దగ్గర తల బాదుకున్నాడు.

ఆ మాట రేణుక తట్టుకోలేకపోయింది. నాయనమ్మ మెడ చుట్టూ చేతులేసి, తనకు వచ్చిన ఒకే ఒక్క చావుపాట ఎత్తుకుంది. సముద్రం అవతలి పాట. ఎవరి తల్లో, ఎవరి పొలమో, కమ్లీ పేరు కూడా లేని పాట.

ఏడుస్తున్నవాళ్లు ఆగి చూశారు. తండాలో పెద్దామె యాకమ్మ రేణుక భుజం మీద చేయి వేసింది.

"గిది ఎవరి పాటనే బిడ్డా? మనది గాదు."

ఆపితే నాయనమ్మకు ఆ మాత్రం పాట కూడా ఉండదని రేణుక పాడుతూనే ఉంది.