పొట్లపాదు మీద కందిరీగ

ఇది చీరాల దగ్గర మా ఊళ్ళో, యాభైల చివర్లో జరిగింది. తేదీ రాసుకోలేదు కాబట్టి ఊహించి చెప్పను. కార్తీకమాసమని మాత్రం ఖాయం, మిరప పూత మీదుంది. రెండో పెళ్ళి కూడదని అప్పటికే చట్టం వచ్చింది. మా ఇంట్లో దాన్నెవరూ లెక్కచేయలేదు.

మా బాబాయి భార్య చిన్నమ్మకు పెళ్ళయి ఆరేళ్ళయినా పిల్లల్లేరు. మిరపకాయ కళ్ళానికి వచ్చేలోగా ఏ సంగతీ తెలియకపోతే బాబాయికి మార్టూరు సంబంధం చేస్తానని నాయనమ్మ అందరి ముందూ చెప్పేసింది. బాబాయి తల వంచుకుని అన్నం తిన్నాడు.

మట్టిగూడు కట్టే కందిరీగను మావైపు కుమ్మరిపురుగంటారు. అది ఇంటిచుట్టూ తిరిగితే ఆ ఇంటి కోడలికి కడుపు పండుతుందని నమ్మకం. దాన్నెవరూ తోలరు. ఒక పొద్దున అలాంటిదే ఒకటి పెరట్లో పొట్లపాదు చుట్టూ తిరుగుతోంది. రెక్కలు గాజుముక్కల్లా ఉన్నాయి. చిన్నమ్మ చెయ్యి చాపితే వేలి మీద వాలింది.

"చూశావా అక్కా, కుట్టలేదు!" అంది మా అమ్మతో.

"వేలు కాస్త వాచుంటే అప్పుడు నవ్వేదానివి," అంది అమ్మ.

ఆ నెల చిన్నమ్మ బయట చేరలేదు. నాయనమ్మ మార్టూరు మాట ఆపేసి, ఆమెకు గ్లాసెడు పాలు ఎక్కువ పోయించింది. కుమ్మరిపురుగు బెదురుతుందని పాదు మీద బూడిద కూడా చల్లనివ్వలేదు. తీగ అక్కడక్కడా ఉబ్బుతుంటే, "దీనికీ నెలలు నిండుతున్నాయే కోడలా!" అని వేళాకోళమాడింది. నాయనమ్మ ఆమెతో అలా మాట్లాడటం నేను అప్పుడే విన్నాను.

తర్వాత తీగ వాడిపోయింది. నాయనమ్మ కత్తితో ఒక ఉబ్బు చీల్చింది. లోపల తెల్లటి పురుగు మెదిలింది. వచ్చింది కందిరీగ కాదు, కందిరీగలా కనిపిస్తూ పగటిపూట తిరిగే ఒక చిమ్మట. అది తీగ మీద గుడ్లు పెడితే పిల్లపురుగు లోపలికి తొలుచుకుపోతుంది. ఈ సంగతి నాకు తెలిసింది చాలా ఏళ్ళ తర్వాత.

"ఇదేనటే నీ కుమ్మరిపురుగు?" అంది నాయనమ్మ.

"ఇంకొక్క నెల చూడండి అత్తయ్యా."

ఆ వారంలోనే చిన్నమ్మ చాప తీసుకుని పెరటి వసారాలోకి వెళ్ళి విడిగా కూర్చుంది. మర్నాడే మార్టూరుకు కబురు వెళ్ళింది.

పెళ్ళి మాఘంలో. బండ్లు కట్టేటప్పుడు అమ్మ చిన్నమ్మను కూడా రమ్మంది.

"కళ్ళంలో కాయ ఉంది కదక్కా. మబ్బు పడితే ఎవరు కుప్పేస్తారు?" అంది చిన్నమ్మ.

ఆ రోజు ఎక్కడా మబ్బు లేదు.